మల్టీఫేస్ వన్ ఎర్ర బటన్ నొక్కితే స్పెక్ట్రమ్ రీసెట్ అవుతోంది. క్యాసెట్లు బ్యాకప్ తీసేదెలా?

క్యాసెట్‌పెట్టె:

నమస్కారం అండీ. మెషీన్ డీబీ స్పెక్ట్రమ్ ప్లస్, అంటే పుణె డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు సింక్లెయిర్ లైసెన్సు మీద తెచ్చిన 48కే మోడల్ పాత హోమ్ కంప్యూటర్. దాని వెనక మల్టీఫేస్ వన్ (బటన్ నొక్కితే నడుస్తున్న ప్రోగ్రామును ఆపి సేవ్ చేసే పెట్టె), మల్టీఫేస్ వెనకున్న పోర్టులో డివ్‌ఎంఎంసీ (ఎస్‌డీ కార్డు తగిలించే పెట్టె) పెట్టాను. డివ్‌ఎంఎంసీలో ఎస్ఎక్స్‌డాస్ (కార్డులోని ఫైళ్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంది. నాలుగు విషయాలు తేలడం లేదు.

ఒకటి. ఎర్ర బటన్ నొక్కితే మల్టీఫేస్ మెనూ రావాలి కదా. నాలుగుసార్లు నొక్కితే మూడుసార్లు స్క్రీన్ చెరిగిపోయి 1982 సింక్లెయిర్ కాపీరైట్ లైను వస్తోంది. మిగిలిన ఒక్కసారి స్క్రీన్ నిండా గళ్లు గళ్లుగా చెత్త వచ్చి బిగుసుకుపోతోంది.

రెండు. 40 దాకా క్యాసెట్లున్నాయి. సగం సొంతంగా రాసిన బేసిక్ ప్రోగ్రాములు, వాటి డేటా. మిగతావి గేములు. కొన్ని గేముల లోడింగ్ చారలు మామూలు నీలం-పసుపు రంగుల్లో ఉండవు. వీటన్నిటినీ ఎస్‌డీ కార్డులోకి, అక్కణ్నుంచి కంప్యూటర్‌లోకి తెచ్చుకోవాలి. మల్టీఫేస్‌తో అన్నిటికీ స్నాప్‌షాట్ తీసేస్తే సరిపోతుందా?

మూడు. రెండు క్యాసెట్లలో టేపు అంచున తెల్లగా బూజు పట్టింది.

నాలుగు. పాత అడాప్టర్ మీద 9 వోల్ట్లు అని రాసుంది. దేనికీ తగిలించకుండా మీటరు పెడితే 12.6 చూపిస్తోంది. వాడొచ్చా?

రబ్బర్‌కీ:

అడాప్టర్‌తో మొదలుపెడదాం, అది తేడా కొడితే మిగతావన్నీ వృథా. స్పెక్ట్రమ్ పాత అడాప్టర్‌లో ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, ఒక కెపాసిటరు తప్ప రెగ్యులేటర్ ఉండదు. లోడు లేకుండా 12, 13 చూపడం దానికి సహజం. మెషీన్ తగిలించాక 9 దరిదాపుకి దిగుతుంది. అయినా నేనైతే దాన్ని పక్కన పెట్టి మంచి రెగ్యులేటెడ్ 9 వోల్ట్ల, 2 ఆంపియర్ల అడాప్టర్ వాడమంటాను. లోపలి 7805 రెగ్యులేటర్ వచ్చిన వోల్టేజీలో 5 ఉంచుకుని మిగతాదంతా వేడిగా పారేస్తుంది. ఉజ్జాయింపున 0.8 ఆంపియర్ లాగుతోందనుకోండి, 12 వోల్ట్లు ఇస్తే 5.6 వాట్ల వేడి, 9 ఇస్తే 3.2 వాట్లు. వెనక రెండు పెట్టెలు తగిలిస్తే లాగే కరెంటు ఇంకా పెరుగుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

ఒక్క జాగ్రత్త. స్పెక్ట్రమ్ ప్లగ్గులో మధ్యది మైనస్, బయటి తొడుగు ప్లస్. బజార్లో రూటర్లకని దొరికే 9 వోల్ట్ల అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది. మీటరుతో చూడకుండా గుచ్చకండి. తిరగబడి ఉంటే వైరు కోసి మార్చి సోల్డర్ చేసుకోవాలి.

ఇక వెనక ఎడ్జ్ కనెక్టర్, అంటే పెట్టెలు తగిలించే బోర్డు అంచు. ఈ మెషీన్‌కి ఆన్ ఆఫ్ స్విచ్ లేదు. ప్లస్ మోడల్ ఎడమ పక్క ఉన్నది రీసెట్ బటన్ మాత్రమే, అది కరెంటు ఆపదు. ఏది తగిలించాలన్నా, తీయాలన్నా పవర్ ప్లగ్గు పీకే చేయాలి. ఎడ్జ్ కింది వరసలో 5 వోల్ట్ల పట్టీ, 9 వోల్ట్ల పట్టీ పక్కపక్కనే ఉంటాయి, వెంటనే గాడి. కరెంటు ఉండగా కనెక్టర్ కాస్త ఒరిగినా 9 వెళ్లి 5 మీద పడుతుంది. అప్పుడు పోయేది మామూలుగా లోపలి 12, మైనస్ 5 వోల్ట్లు తయారుచేసే భాగంలోని టీఆర్4 ట్రాన్సిస్టర్, దాంతోపాటే కింది 16కే ర్యామ్ చిప్పులు. కొత్తగా చేతికొచ్చిన మెషీన్ అయితే ముందే ఒక 4116 చిప్పు (ఆ కింది 16కే ర్యామ్ చిప్పు) మీద కొలిచి చూడండి: 1వ పిన్ను మీద మైనస్ 5, 8వ దాని మీద 12, 9వ దాని మీద 5, గ్రౌండ్ 16వ పిన్ను. మైనస్ 5 లేకపోతే వెంటనే ఆపేయండి. ఆ వోల్టేజీ లేకుండా 12 మాత్రం వెళ్తుంటే 4116లు ఒక్కొక్కటే కాలిపోతాయి.

ఎర్ర బటన్ సంగతి. అది నొక్కితే ప్రాసెసర్‌కి ఎన్‌ఎంఐ, అంటే కాదనలేని ఇంటరప్ట్ సంకేతం, పడుతుంది. జెడ్80 తను ఎక్కడ ఆగిందో ఆ చిరునామాని స్టాక్‌లో (ర్యామ్‌లో తాత్కాలికంగా దాచుకునే చోట) పెట్టి, 102వ చిరునామాకి దూకుతుంది. సరిగ్గా ఆ క్షణంలో మల్టీఫేస్, రోమ్‌సీఎస్ లైనును పైకి లాగి స్పెక్ట్రమ్ సొంత రోమ్ నోరు మూయించి, 0 నుంచి 8191 దాకా తన 8కే రోమ్‌ను, 8192 నుంచి 16383 దాకా తన 8కే ర్యామ్‌ను తెచ్చి పెడుతుంది. డివ్‌ఎంఎంసీ కూడా అదే 102 దగ్గరే కాపు కాస్తుంది. రెండు పెట్టెలూ ఒకేసారి డేటా లైన్ల మీదికి డేటా తోస్తే వచ్చేది మీరు చూసిన చెత్తే. కాబట్టి మొదట డివ్‌ఎంఎంసీ తీసేయండి. ఈ రెంటినీ కలిపి వాడే మార్గం వెతకకండి, దేని పనికి అది విడిగా పెట్టుకోండి.

తీసేశాక కూడా రీసెట్ అవుతుంటే ఒక చిన్న పరీక్ష. సింక్లెయిర్ రోమ్‌లో 102 దగ్గరున్న కోడ్‌లో ఒక పేరుమోసిన తప్పుంది. 23728, 23729 బైట్లలో ఉన్న చిరునామా చూసి, సున్నా కాకపోతే అక్కడికి దూకాలి, సున్నా అయితే ఊరుకోవాలి. షరతు తలకిందులైంది. సున్నా ఉంటే సున్నాకే దూకుతుంది, అంటే రీసెట్. సున్నా కాకపోతే ఏమీ చేయకుండా తిరిగి వెళ్లిపోతుంది. మామూలుగా ఆ బైట్లలో సున్నాలే ఉంటాయి. అందుకే ఎన్‌ఎంఐ పిన్నుకి ఉత్త బటన్ ఒకటి కలిపితే అది రీసెట్ బటన్‌లా పనిచేస్తుంది, మల్టీఫేస్‌కి సొంత రోమ్ కావాల్సి వచ్చింది కూడా ఇందుకే.

పరీక్ష ఇదీ: బేసిక్‌లో పోక్ 23728,1 అని కొట్టి ఎర్ర బటన్ నొక్కండి. ఇంతకుముందు రీసెట్ అయ్యేది ఇప్పుడు ఏమీ జరగనట్టు ఉండిపోతే, బటన్ పనిచేస్తోంది కానీ మల్టీఫేస్ అసలు లోపలికి రావడం లేదని అర్థం. చిరునామా లైన్లు గానీ, ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ చదువుతోందని చెప్పే ఎం1 లైను గానీ అందడం లేదు, లేదా దాని లాజిక్ చిప్పే పోయింది. అలా కాక చెత్త వచ్చి బిగుసుకుంటే మల్టీఫేస్ వస్తోంది, స్పెక్ట్రమ్ రోమ్ మాత్రం తప్పుకోవడం లేదు. అప్పుడు అనుమానం రోమ్‌సీఎస్ కాంటాక్టు మీద.

రెండింటికీ మొదటి మందు శుభ్రం చేయడమే. బోర్డు అంచుని తెల్ల రబ్బరుతో, అంటే పెన్సిల్ చెరిపే మెత్తని రబ్బరుతో, లోపలి నుంచి బయటికి ఒకే వైపు రుద్దండి. పొట్టు దులిపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఉప్పు కాగితం వద్దు, పైపూత లేచిపోతుంది. కనెక్టర్ లోపలి స్ప్రింగులు దీపం వెలుతురులో చూడండి, ఒక్కటి వెనక్కి వంగి ఉన్నా కాంటాక్టు ఉండదు.

ఇంకొకటి. మల్టీఫేస్ వన్‌లోనే కెంప్‌స్టన్ జాయ్‌స్టిక్ పోర్టు ఉంది, 31వ నంబరు. అది కాక ఇంకో కెంప్‌స్టన్ ఇంటర్‌ఫేస్ కూడా వెనక తగిలించారా? ఉంటే తీసేయండి. మల్టీఫేస్ వన్‌కి 159 పోర్టు చదివితే లోపలికి రావడం, 31 చదివితే బయటికి పోవడం. అదే నంబరు మీద ఇంకొకటి జవాబిస్తుంటే గొడవ తప్పదు.

పోర్ట్254:

హార్డ్‌వేర్ గురించి రబ్బర్‌కీ గారు చెప్పినదానికి నేను కలిపేది లేదు. మీ రెండో ప్రశ్నకి మాత్రం గట్టిగా ఒక మాట: స్నాప్‌షాట్‌తో మొదలుపెట్టకండి. మల్టీఫేస్ తీసేది నడుస్తున్న ప్రోగ్రాము ఆ క్షణంలో ర్యామ్‌లో ఎలా ఉందో ఆ రూపం. క్యాసెట్ మీద ఉన్నది అది కాదు. ప్రోగ్రాము పేరు, ఆటోస్టార్ట్ లైను, లోడింగ్ స్క్రీను, తర్వాతి లెవెళ్లు విడిగా లోడయ్యే గేమైతే ఆ లెవెళ్లు, ఇవేవీ స్నాప్‌షాట్‌లోకి రావు. మొదట టేపు మీది శబ్దాన్ని యథాతథంగా కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి. పాత టేపు ఇంకెన్నిసార్లు సవ్యంగా తిరుగుతుందో చెప్పలేం, ఆ తిరిగే సార్లు దీనికే ఖర్చు పెట్టాలి.

డెక్ హెడ్డుని, పించ్ రోలర్ని ఇయర్‌బడ్‌తో ఆల్కహాల్ పెట్టి తుడవండి. ప్రతి ఐదారు క్యాసెట్లకీ మళ్లీ తుడవాలి. డాల్బీ ఆపేయండి. డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి కలపండి. 44100 హెర్ట్జ్, 16 బిట్, వావ్ ఫైలు. ఎంపీ3 వద్దు, నాయిస్ తగ్గించే ఫిల్టర్లు వద్దు, లెవెల్ దానంతటదే సర్దే ఆప్షన్ ఉంటే అదీ ఆపేయండి. శిఖరాలు నెత్తి తగలకుండా, మూడు వంతుల ఎత్తులో ఉండాలి.

ఎందుకింత పట్టింపు అంటే, స్పెక్ట్రమ్ టేపులో సమాచారం అంతా పల్సు పొడవులోనే ఉంటుంది. ప్రాసెసర్ 3.5 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 35 లక్షల టిక్కులు. సున్నా బిట్‌కి 855 టిక్కుల పల్సులు రెండు, ఒకటి బిట్‌కి 1710 టిక్కులవి రెండు. 44100 దగ్గర రికార్డు చేస్తే సున్నా పల్సుకి సుమారు 11 శాంపిళ్లు, ఒకటికి 21, 22 పడతాయి. తేడా స్పష్టంగా ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. అలల అంచులు మొండిబారితే 11 కాస్తా 14, 15గా కనబడి బిట్టు తారుమారవుతుంది. ముందొచ్చే కూత 2168 టిక్కుల పల్సులతో ఉంటుంది, అంటే దాదాపు 807 హెర్ట్జ్. హెడర్ ముందు 5 సెకన్లు, డేటా ముందు 2 సెకన్లు. ఈ లెక్కన 48కే మొత్తం నింపడానికి కూత కాక 4 నిమిషాల 48 సెకన్లు పడుతుంది. రికార్డింగు నిడివి చూసి ఏదన్నా తెగిపోయిందేమో పోల్చుకోవచ్చు.

అజిమత్, అంటే టేపుకి హెడ్డు ఉండే కోణం. డెక్ హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. టేపు నడుస్తుండగా దాన్ని పావు చుట్టులోపే అటూ ఇటూ తిప్పుతూ శబ్దం వినండి. బొంగురుగా ఉన్నది కీచుగా, పదునుగా మారిన చోట వదిలేయండి. ప్రతి క్యాసెట్‌కీ ఇది మారుతుంది, ఎందుకంటే ఒక్కోటి ఒక్కో రికార్డర్ మీద రాసినది. స్టీరియో డెక్ అయితే రెండు ఛానెళ్లూ విడివిడిగా రికార్డు చేసి, బాగున్న ఒక్కదాన్నే తీసుకోండి. రెంటినీ కలిపి మోనో చేస్తే, హెడ్డు వంకరగా ఉన్నప్పుడు ఒక ఛానెల్ ఇంకోదానికన్నా కాస్త వెనకబడి, సున్నా బిట్ల సన్నని పల్సులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. చెవికి బాగానే వినిపిస్తుంది, స్పెక్ట్రమ్ మాత్రం టేప్ లోడింగ్ ఎర్రర్ అంటుంది.

వావ్ వచ్చాక ఫ్యూజ్ యుటిలిటీస్‌లోని ఆడియో2టేప్‌తో టీజెడ్‌ఎక్స్ (ఎమ్యులేటర్లు చదివే టేపు ఫైలు) చేయండి, టీజెడ్‌ఎక్స్‌లిస్ట్‌తో లోపలేముందో చూడండి. మామూలు రోమ్ వేగంతో రాసిన బేసిక్, కోడ్, డేటా అంతా ఇలాగే వచ్చేస్తుంది. ప్రతి బ్లాకు చివర ఒక చెక్‌సమ్ బైటు ఉంటుంది, ముందున్న బైట్లన్నిటి ఎక్స్ఆర్ అది. తప్పుందని చెబుతుంది కానీ ఎక్కడో చెప్పదు. అందుకని తప్పొచ్చిన బ్లాకుని మూడుసార్లు రికార్డు చేసి మూడు ఫైళ్లూ బైటు బైటు పోల్చండి. రెండింటిలో ఒకేలా ఉన్నది తీసుకుని చెక్‌సమ్ సరిపోతోందేమో చూడండి.

చారల రంగులు వేరేగా ఉన్న గేములు టర్బో లోడర్లవి. వాటికి సొంత లోడింగ్ కోడ్ ఉంటుంది, 254 పోర్టుని నేరుగా చదువుకుంటాయి. వాటి వావ్‌ని అలాగే దాచి, ఫ్యూజ్ ఎమ్యులేటర్‌లో ఆ వావ్‌నే టేపుగా పెట్టి లోడవుతుందేమో చూడండి. లోడయితే మీ రికార్డింగ్ బాగున్నట్టే.

బూజు పట్టినవి అసలు ప్లే చేయకండి. ఆ పొడి హెడ్డుకి అంటుకుని తర్వాతి క్యాసెట్లకి పాకుతుంది. వాటిని వేరే డబ్బాలో, సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి. మిగతావన్నీ అయ్యాకే, పారేసినా పర్వాలేదనుకునే డెక్‌లో, పొడి మెత్తని గుడ్డ ఆనించి మెల్లగా ఒకసారి చివరిదాకా, ఒకసారి వెనక్కి తిప్పి తుడవాలి. చేసేటప్పుడు ముక్కుకి మాస్కు ఉండాలి. క్యాసెట్ నోరు దగ్గర స్ప్రింగు రేకు మీదుండే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయిందేమో కూడా చూడండి. అది లేకపోతే టేపు హెడ్డుకి ఆనదు. ఊడిపోతే స్క్రూలున్న ఇంకో ఖాళీ క్యాసెట్ డబ్బాలోకి రీళ్లు మార్చేయడం తేలిక.

క్యాసెట్‌పెట్టె:

ఇద్దరికీ ధన్యవాదాలు. డివ్‌ఎంఎంసీ తీసేసి పోక్ 23728,1 కొట్టి చూశాను. ఏమీ జరగనట్టు ఉండలేదు, చెత్త వచ్చి బిగుసుకుంది. అంటే రోమ్‌సీఎస్ అనుమానమే. రబ్బరుతో, ఆల్కహాల్‌తో శుభ్రం చేశాక పదికి పదిసార్లూ మెనూ వస్తోంది. జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ వేరేది లేదు.

టర్బో లోడర్ గేమొకటి వావ్ తీసుకున్నాక మల్టీఫేస్‌తో కూడా సేవ్ చేశాను. తిరిగి లోడ్ చేస్తే నడుస్తోంది కానీ బోర్డర్ రంగు మారింది, స్క్రీన్ మధ్యలో అడ్డంగా చిన్న గీత ఒకటి ఉండిపోయింది. ఇంకోసారి వేరే చోట నొక్కి సేవ్ చేస్తే లోడయ్యాక పడిపోయింది. మల్టీఫేస్ ర్యామ్ పాడయిందా?

ఇంకో సందేహం. బేసిక్ ప్రోగ్రాములు నేరుగా టేపు నుంచి ఎస్‌డీ కార్డులోకి మార్చుకోవచ్చా? వావ్‌లు ఉన్నా కార్డులో విడివిడిగా ఉంటే సౌకర్యం.

స్టాక్‌పాయింటర్:

మల్టీఫేస్ బాగానే ఉంది. మూడు లక్షణాలకీ మూడు కారణాలు ఉన్నాయి, అన్నీ జెడ్80 స్వభావంలోనివే.

ఆ గీత గురించి ముందు. ఎన్‌ఎంఐ పడగానే ప్రాసెసర్ తిరిగొచ్చే చిరునామాని, అంటే రెండు బైట్లని, స్టాక్ పాయింటర్ (స్టాక్ ఎక్కడుందో చూపే రిజిస్టర్) ఎక్కడుంటే అక్కడ రాస్తుంది. ఇది మల్టీఫేస్ చేతిలో లేదు, దాని రోమ్ మేలుకునేలోపే జరిగిపోతుంది. వేగంగా బొమ్మలు గీయడానికి చాలా గేములు స్టాక్ పాయింటర్ని స్క్రీన్ మెమరీలోకి తిప్పి పుష్‌లతో (స్టాక్‌లోకి రాసే ఇన్‌స్ట్రక్షన్లతో) నింపుతాయి. సరిగ్గా ఆ పనిలో ఉండగా బటన్ నొక్కితే ఆ రెండు బైట్లు స్క్రీన్ మీద పడతాయి. రెండు బైట్లంటే 16 చుక్కల గీత, మీరు చూసినది అదే. స్క్రీన్ బదులు గేము డేటాని పాప్‌లతో (స్టాక్ నుంచి తీసే ఇన్‌స్ట్రక్షన్లతో) చదువుతున్నప్పుడు నొక్కితే పాడయ్యేది ఆ డేటా. రెండోసారి పడిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

రెండో కారణం ఇంటరప్ట్ మోడ్, అంటే ఇంటరప్ట్ సంకేతం వస్తే ప్రాసెసర్ ఎక్కడికి దూకాలో చెప్పే అమరిక. జెడ్80 ఏ మోడ్‌లో ఉందో చదివే ఇన్‌స్ట్రక్షన్ లేనే లేదు. ఐ రిజిస్టర్ విలువ చూసి ఊహించాలి: 63 గానీ 0 గానీ ఉంటే మోడ్ 1, వేరేదుంటే మోడ్ 2 అని. గేము మోడ్ మార్చే మధ్యలో, ఐ మార్చి ఇంకా మోడ్ మార్చని క్షణంలో పట్టుకుంటే ఊహ తప్పుతుంది. ఇంటరప్ట్‌లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అన్నది మాత్రం తెలుసుకోవచ్చు, ఎన్‌ఎంఐ వచ్చినా ఆ సంగతి ప్రాసెసర్ లోపలి ఐఎఫ్‌ఎఫ్2 అనే బిట్‌లో నిలిచే ఉంటుంది.

బోర్డర్ అయితే మరీ సులువు. 254 పోర్టుకి రాసిన రంగుని తిరిగి చదివే దారి లేదు. సేవ్ చేసే ఏ సాధనమైనా ఏదో ఒకటి అనుకుని పెట్టాల్సిందే. గేము మళ్లీ బోర్డర్ మార్చినప్పుడు అదే సర్దుకుంటుంది.

కాబట్టి ఎప్పుడు నొక్కుతున్నారన్నదే ముఖ్యం. ఆట జోరుగా నడుస్తున్నప్పుడు వద్దు. కీబోర్డా జాయ్‌స్టిక్కా అని అడిగే మెనూ దగ్గర, లేదా పాజ్‌లో, స్క్రీన్ కదలకుండా మీటకోసం ఎదురుచూస్తున్నప్పుడు నొక్కండి. అక్కడ ప్రోగ్రాము చిన్న లూపులో తిరుగుతుంటుంది, స్టాక్ దాని చోట అది ఉంటుంది. ఒకే మెనూలో రెండు మూడుసార్లు వేర్వేరుగా సేవ్ చేసుకుని, ప్రతిదీ లోడ్ చేసి ఐదు నిమిషాలు నడిపి చూడండి.

మల్టీఫేస్ టేపులోకి సేవ్ చేసేదాన్ని క్యాసెట్ మీద కాకుండా, స్పెక్ట్రమ్ మైక్ సాకెట్ నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి. సిగ్నల్ సన్నగా ఉంటుంది, మైక్ ఇన్‌లో పెట్టి లెవెల్ సర్దుకోవాలి. పాత క్యాసెట్ మీద మళ్లీ రాయడం కన్నా ఇది ఎంతో శుభ్రంగా వస్తుంది.

ఎమ్యులేటర్‌లో స్నాప్‌షాట్ దాచేటప్పుడు ఎస్‌ఎన్‌ఏ కన్నా జెడ్80 ఫైలు మేలు. 48కే ఎస్‌ఎన్‌ఏ అంటే 27 బైట్ల హెడర్, 49152 బైట్ల ర్యామ్, మొత్తం 49179. ఆ హెడర్‌లో ప్రోగ్రామ్ కౌంటర్‌కి (తర్వాత నడపాల్సిన చిరునామాకి) చోటే లేదు, దాన్ని స్టాక్ మీదికే నెడతారు. అంటే ఇంకోసారి రెండు బైట్లు చెరిపినట్టు. జెడ్80 ఫైల్లో ప్రోగ్రామ్ కౌంటర్ హెడర్‌లోనే ఉంటుంది.

రబ్బర్‌కీ:

టేపు నుంచి ఎస్‌డీ కార్డుకి మార్చడం గురించి. ఈసారి మల్టీఫేస్ తీసేసి డివ్‌ఎంఎంసీ ఒక్కటే పెట్టండి. కార్డు ఎఫ్‌ఏటీ16 లేదా ఎఫ్‌ఏటీ32లో ఉండాలి. బిన్, సిస్, టీఎంపీ ఫోల్డర్లు కార్డు మొదట్లోనే ఉండాలి, ఇంకో ఫోల్డర్‌లో దూర్చితే దొరకవు. డివ్‌ఎంఎంసీ రోమ్‌లో ఉన్న ఎస్ఎక్స్‌డాస్ వెర్షన్, కార్డులోని సిస్ ఫైళ్ల వెర్షన్ ఒకటే కావాలి. బూట్ మధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంటే మొదట చూడాల్సింది ఇదే. ఫైళ్ల పేర్లు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాల్లో ఉంచండి.

బేసిక్ ప్రోగ్రాముకి: లోడ్ కాకుండా మెర్జ్ "" అని కొట్టి టేపు ప్లే చేయండి. లోడ్ అయితే ఆటోస్టార్ట్ లైను ఉన్నచోట దానంతటదే నడిచిపోతుంది, మెర్జ్‌లో ఆగి ఉంటుంది. వచ్చాక చుక్క టేప్అవుట్ (ముందు చుక్క పెట్టి కొట్టే ఎస్ఎక్స్‌డాస్ కమాండు) కొట్టి కొత్త టీఏపీ ఫైలు (ఇంకో రకం టేపు ఫైలు) పేరివ్వండి, తర్వాత మామూలుగా సేవ్ చేయండి. ఆటోస్టార్ట్ కావాలంటే సేవ్ "పేరు" లైన్ 10 లాగా చివర లైను నంబరు చేర్చాలి, మెర్జ్ దాన్ని మోసుకురాదు. మళ్లీ చదవడానికి చుక్క టేప్ఇన్‌తో ఆ ఫైలు పెట్టి లోడ్ "".

డేటా అర్రేలతో జాగ్రత్త. రన్ కొడితే వేరియబుల్స్ అన్నీ చెరిగిపోతాయి. ప్రోగ్రాముతోపాటు వేరియబుల్స్ కూడా సేవ్ అయి ఉన్న పాత టేపులైతే లోడయ్యాక రన్ కొట్టకుండా గో టు 10 అనాలి. మార్కుల పట్టికలు, లెక్కల ఖాతాలు ఇలా ప్రోగ్రాములోపలే దాచడం అప్పట్లో చాలా మామూలు. ఒక్క రన్‌తో మొత్తం పోతుంది, అందుకే ముందు కార్డులోకి సేవ్ చేసి తర్వాతే నడపండి. ఇలాంటి టేపుకి మెర్జ్ కన్నా లోడ్ నయం, మధ్యలో ఆటోస్టార్ట్ అయితే బ్రేక్ నొక్కి ఆపండి.

టర్బో లోడర్ గేములు ఈ దారిలో రావు. డివ్‌ఎంఎంసీ టేపు పనిని పట్టుకునేది స్పెక్ట్రమ్ రోమ్‌లోని సేవ్, లోడ్ రొటీన్ల దగ్గరే, 1222, 1378 చిరునామాలలో. గేము తన సొంత కోడ్‌తో చదువుకుంటే ఆ చిరునామాల ముఖం చూడదు, డివ్‌ఎంఎంసీకి తెలిసే అవకాశమే లేదు. వాటికి పోర్ట్254 గారు చెప్పిన వావ్, దానికి తోడుగా మెనూ దగ్గర తీసిన స్నాప్‌షాట్.

బడిబల్ల:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇదే పద్ధతి బీబీసీ మైక్రో (అదే కాలపు ఇంకో కంప్యూటర్) క్యాసెట్లకి పనికొస్తుందా? 1984లో బడుల్లో కంప్యూటర్ పరిచయం కోసం మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద బడులకి వచ్చిన మెషీన్ల తాలూకు క్యాసెట్లు కొన్ని ఉన్నాయి.

పోర్ట్254:

రికార్డింగ్ దాకా అంతా ఒకటే: హెడ్డు, అజిమత్, వావ్, ఒకే ఛానెల్. అక్కణ్నుంచి దారి వేరు. బీబీసీలో సున్నా అంటే 1200 హెర్ట్జ్ అల ఒకటి, ఒకటి అంటే 2400 హెర్ట్జ్ అలలు రెండు. వేగం 1200 బాడ్, కొన్ని 300. ఆడియో2టేప్ దీన్ని అర్థం చేసుకోదు. బీబీసీ టేపులకి వాడే ఫైలు రూపం యూఈఎఫ్, ఆ మార్పిడి సాధనం వేరే తీసుకోవాలి. బీబీసీ టేపులో ఒక మేలుంది. 256 బైట్ల బ్లాకులు, ప్రతిదానికీ నంబరు, సీఆర్‌సీ (తప్పు పట్టే చెక్ సంఖ్య) ఉంటాయి. ఒక బ్లాకు పోతే టేపు కొంచెం వెనక్కి తిప్పి ఆ ఒక్కటే మళ్లీ చదివించొచ్చు, మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. లోడ్ చేసే ముందు స్టార్ గుర్తు పెట్టి ఆప్ట్ 1,2 కొడితే ప్రతి ఫైలుకీ లోడ్ చిరునామా, నడిచే చిరునామా స్క్రీన్ మీద చూపుతుంది. అవి కాగితం మీద రాసుకోండి, మెషీన్ కోడ్ ఫైళ్లు డిస్క్‌కి సేవ్ చేయడానికి కావాలి.

ఎస్‌డీ కార్డు కోసం యూజర్ పోర్టుకి కార్డు అడాప్టర్, ఎంఎంఎఫ్‌ఎస్ రోమ్ (కార్డుని డిస్క్‌లా వాడనిచ్చేది) పెడితే టేపు నుంచి లోడ్ చేసి కార్డులోని డిస్క్ ఇమేజ్‌లోకి సేవ్ చేసుకోవచ్చు. ఒక ఇమేజ్‌లో 31 ఫైళ్లకి మించి పట్టవు. ఇక్కడ పేజ్ దగ్గర, అంటే బేసిక్ ప్రోగ్రాము మొదలయ్యే చిరునామా దగ్గర, చిక్కు వస్తుంది. టేపు మాత్రమే ఉన్న మెషీన్‌లో బేసిక్ ప్రోగ్రాము 3584 నుంచి మొదలవుతుంది, డిస్క్ ఫైలింగ్ ఉంటే 6400 నుంచి. 2816 బైట్లు తగ్గుతాయి. మోడ్ 0, 1, 2లలో స్క్రీనే 20కే తింటుంది కాబట్టి 8704 బైట్లు దొరికేచోట 5888 మిగులుతాయి. పెద్ద ప్రోగ్రాము కాపీ అవుతుంది కానీ నడవదు. లోడ్ చేసి, నడపకుండా సేవ్ చేయండి. నడిపేటప్పుడు 6400 దగ్గర లోడ్ చేసి, స్టార్ టేప్ కొట్టి, ప్రోగ్రామును 3584కి జరిపి, పేజ్ మార్చి నడపాలి. జరిపాక డిస్క్ ఫైలింగ్ వాడుకునే చోటు చెరిగిపోతుంది, బ్రేక్ నొక్కేదాకా కార్డు జోలికి వెళ్లకండి.

క్యాసెట్‌పెట్టె:

మెనూ దగ్గర నొక్కి తీసిన స్నాప్‌షాట్ మూడుసార్లూ బాగా నడిచింది, గీత లేదు. మైక్ సాకెట్ నుంచి నేరుగా రికార్డు చేసినదే లోడ్ చేశాను. బేసిక్ టేపుల్లో నాలుగు మెర్జ్‌తో కార్డులోకి వచ్చాయి. ఒకదానికి మాత్రం మెర్జ్ కొట్టాక పేరు కనబడి, బ్లాకు పూర్తిగా చదివి, చివర్లో మెషీన్ బిగుసుకుపోతోంది. లోడ్ చేస్తే బాగానే వస్తోంది.

స్టాక్‌పాయింటర్:

ఆ ప్రోగ్రాములో ఏదో ఒక లైనులో పొడవు చెప్పే బైట్లు తప్పుగా ఉండి ఉంటాయి. మెర్జ్ లోడ్‌లా బైట్లు గుడ్డిగా దించదు. ప్రోగ్రామును ఒక్కో లైనుగా నడుచుకుంటూ, ప్రతి లైను పొడవు నమ్ముతూ చేరుస్తుంది. ఆ పొడవు బైట్లు వంకరగా ఉంటే దారి తప్పుతుంది. మెర్జ్‌తో లోపల చూడకుండా ఉండాలని కొందరు కావాలనే అలా రాసేవారు. అలాంటిదానికి టీజెడ్‌ఎక్స్ బ్లాకునే నమ్మండి. వావ్ నుంచి వచ్చిన ఆ బ్లాకుని టేప్‌కన్వ్‌తో టీఏపీ చేసి కార్డులో వేస్తే చుక్క టేప్ఇన్‌తో టేపులాగే లోడవుతుంది.